ఛాయ్ హోటల్‌కు ఎదురుంగ కౌన్సెలింగ్ రూమా?

మొదటి రూం దొరికినప్పుడు మేం మస్తు ఖుషీ అయినం. మండల కేంద్రంలో బస్టాండుకు ఎదురుంగ, మందుల షాపు మీద ఫస్ట్ ఫ్లోర్. ఏ ఊరోళ్లయినా బస్సు దిగంగనే కనిపించాలె అనుకున్నం. కౌన్సెలింగ్ చేసే మేడం ప్రతి ఆదివారం వరంగల్ నుంచి వస్తనన్నది, ఫీజు వద్దన్నది. మిగిలింది కిరాయి రూమే కదా, అది మా పని. రిబ్బన్ కట్ చేయించినం. మా అందరి ఫోటోలతోని ఫ్లెక్సీ కట్టి, ‘మానసిక సమస్యలకు ఉచిత కౌన్సెలింగ్’ అని దూరం నుంచి కనపడేటట్టు రాయించినం.

రెండు నెలల్ల వచ్చింది నలుగురు. అందుల ఇద్దరు మేం బతిమిలాడి తోల్కొచ్చినోళ్లే.

భర్త పురుగుమందు తాగి చనిపోయిన ఒక అక్క మెట్ల దాక వచ్చి వాపస్ పోయింది. (ఆమెను అడిగే రాస్తున్న, ఊరు పేరు రాయను.) ఎందుకు పోయినవక్కా అని తర్వాత అడిగితే, “ఛాయ్ హోటల్ల మా బావ కూసున్నడన్నా. నేను మెట్లెక్కంగ చూస్తే, దీనికి పిచ్చి లేసింది, పాస్‌బుక్ దీని పేరు మీద ఎట్ల ఎక్కిస్తరని పంచాయితీ పెడ్తడు” అన్నది.

నా నోట మాట రాలే. మేం చూసింది బస్సు దిగేటోళ్లకు రూం కనిపిస్తదా అని. రూంకు వచ్చేటోళ్లు ఎవలెవలకు కనిపిస్తరో చూడనే లేదు.

చట్టం ఆమె దిక్కే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతి స్థిమితం లేదని లెక్కగట్టొద్దు, ఆ మాట కోర్టే చెప్పాలె. చికిత్స సంగతులు గోప్యంగ ఉంచుకునే హక్కు 23వ సెక్షన్‌ల ఉంది. కానీ ఛాయ్ హోటల్ల కూసున్నోళ్లకు సెక్షన్లు తెల్వయి కదా.

అందుకే చాలామంది తమ్ముళ్లు “అన్నా, మా దగ్గర కూడా పెడ్తం, రూం ఎట్ల చూడాలె?” అని అడుగుతుంటే ఇది రాస్తున్న. ముందుగాల ఒక మాట. రూం పెట్టుడే మన పని, కౌన్సెలింగ్ మన పని కాదు. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేటోళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలె. అడిగి తీసుకోండ్రి, మొహమాటం వద్దు.

చాటుగ ఉండాలె కదా అని ఊరవతల ఒక ఒంటరి ఇల్లు కూడా చూసినం. అది ఇంకా తప్పు. ఒంటరి ఇంట్లకు ఆడపిల్ల పోతే జనం ఇంకో మాట అంటరు. కావాల్సింది పది పనుల మీద పదిమంది తిరిగే సందు. ఇప్పుడు మా రూంకు ఒక పక్క బట్టలు కుట్టే అక్క ఉంటది, ఎదురుంగ జిరాక్స్, మీసేవ. ఆ సందుల మలిగినోళ్లు ఎటు పోతున్నరో ఎవలూ లెక్కవెట్టరు. గ్రౌండ్ ఫ్లోరే తీసుకోండ్రి. వీల్‌చైర్ రావాలంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడుగు ర్యాంపు కావాలె, ఎత్తు గడపల ఇల్లయితే మీకు జాగ చాలదు.

ఇంటి ఓనర్లు రెండే ప్రశ్నలు అడిగిన్రు. “పిచ్చోళ్లు వస్తరా?” మొదటిది. రెండోది తిప్పితిప్పి అడుగుతరు, “మీరెవలు?” అని. మా వాడ పేరు చెప్పినంక ఒకాయన “మా బామ్మర్దికి ఇస్తనన్న” అని తాళంచెవి జేబుల ఏసుకున్నడు. ఇంకో ఇంట్ల ఓనర్ మంచోడే, కిరాయి కూడా తక్కువే. కానీ వాళ్లమ్మ పొద్దంత గేటు కాడ కూసొని వచ్చినోళ్లందరినీ “ఏ ఊరు బిడ్డా, ఎవలోళ్లు?” అని పలకరిస్తది. పాపం ఆమెది ప్రేమే. కానీ ఆ ఒక్క ప్రశ్నకే మనిషి వెనక్కి తిరిగిపోతది, అందుకే వద్దనుకున్నం.

రూం ఎందుకోసమో ఓనర్‌కు నిజమే చెప్పండ్రి, కాయితంల రాయించుకోండ్రి. కిరాయి కాయితం మామూలుగ 11 నెలలకే రాస్తరు. అందుల ఒక ముక్క తప్పకుండ పెట్టించండ్రి: మనుషులు లోపల ఉన్నప్పుడు ఓనర్ తలుపు కొట్టొద్దు. మా ఓనర్ సీసీ కెమెరా మా దర్వాజ దిక్కే ఉండె, బతిమిలాడి రోడ్డు దిక్కు తిప్పించినం.

ఇంక చప్పుడు సంగతి. కోడిగుడ్ల అట్టలు గోడకు అతికిస్తే చప్పుడు బయటకు పోదని యూట్యూబ్‌ల చూసి మా పోరలు కట్టలకు కట్టలు తెచ్చిన్రు. అట్టలతోని లోపల గొంతు మోగుడు జర తగ్గుతది గంతే, బయటకు పోయే మాట ఆగది. మాటను ఆపేది బరువు. పక్కింటితోని కలిసిన గోడకు పుస్తకాల బీరువా ఆనించినం, తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ కొట్టినం. రేకుల ఇండ్లల్ల రూముల నడుమ గోడ రేకు దాక పోదు, మాట పైనుంచి అవతలికి దుంకుతది. అసొంటిది తీసుకోవద్దు. ఎండాకాలం రేకుల కింద గంటసేపు కూసునుడు కూడా అయ్యే పని కాదు. ఒకలిని లోపల మామూలుగ మాట్లాడమని, ఇంకొకలు దర్వాజ కాడ, కిటికి కాడ, పక్క రూంల నిలబడి వినండ్రి. ఒక్క మాట అర్థమైనా ఇంకా పనున్నట్టే. మేం వరండాల కూలర్ పెట్టినం, దాని గుయ్యిమనే చప్పుడుల మిగిలిన మాట కలిసిపోతది.

కుర్చీలన్నీ ఒకటే ఎత్తువి తెచ్చినం, నడుమ టేబుల్ లేదు. పోలీస్ స్టేషన్ల లెక్క ఎదురెదురుగ కాకుండ జర ఏటవాలుగ వేసినం. వచ్చినోళ్ల కుర్చీ దర్వాజ దిక్కు ఉండాలె, లేచి పోవాలనిపిస్తే పోయేటట్టు. అయినా మొదటి రోజు ఒక అవ్వ కుర్చీ ముంగట కింద కూసున్నది. కుర్చీల కూసునే అలవాటు ఆమెకు ఎవలు కానిచ్చిన్రు? మేడం కూడా దిగి కిందనే కూసున్నది. అప్పటినుంచి ఒక చాప కూడా ఉంచుతున్నం.

గోడకు నేనే అంబేడ్కర్ ఫోటో పెట్టిన. మేడం తీయమన్నది. “వచ్చేటోళ్లు గోడను చూసి, ఇక్కడ ఏం మాట్లాడొచ్చో ఏం మాట్లాడొద్దో లెక్కేసుకుంటరు” అన్నది. వారం దాక ఆమెతోని కొట్లాడిన. దేవుని ఫోటోలు వద్దన్నోడిని నేనే కదా అని యాదికొచ్చి తీసేసిన. మనసొప్పలే, ఇప్పటికీ ఒప్పలే. ఇప్పుడు ఆ గోడకు గడియారమే ఉంది.

బోర్డు లేదు, ఫ్లెక్సీ లేదు. ఒకలు పోయినంక పావుగంట ఆగి ఇంకొకలను రమ్మంటం. పేర్ల రిజిస్టర్ వరండాల పెట్టం. వాట్సాప్ గ్రూపుల ఫోటోలు పెట్టొద్దని మా పోరలకు కొట్టినట్టు చెప్పిన. మేం లేని రోజు ఎవలన్న వస్తే కనపడేటట్టు తలుపుకు ఒక్క నంబర్ రాసినం: 14416, టెలి మానస్, సర్కారుది, ఎప్పుడు చేసినా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు.

మెట్ల కాడికెళ్లి వాపస్ పోయిన ఆ అక్క మూడో ఆదివారం వచ్చింది, చేతుల రెండు జాకెట్ ముక్కలు పట్టుకొని. టైలర్ అక్కకు ఇచ్చి, కొలతలిచ్చి, మెల్లగ ఇటు మలిగింది. ఇప్పుడు చాలామంది అట్లనే వస్తున్నరు. బుధవారం కూడా తెరవరాదే అని టైలర్ అక్క నా పానం తింటున్నది.