రైకగుడ్డ పర్సు

నారాయణఖేడ్ డిపో బస్సెక్కిన ఆడవాళ్లు ఇప్పుడు డబ్బులకంటే ముందు ఆధార్ కార్డు తీస్తున్నారు. 2023 డిసెంబరు 9న తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. జీరో టికెట్ కావాలంటే గుర్తింపు కార్డు చూపాల్సిందే. జాకెట్లో దోపుకున్న నోటు చెమటకు తడిసినా చెల్లుతుంది. కార్డు మీద పేరు చెరిగిపోతే మాత్రం కండక్టరుతో పంచాయితీ. కాబట్టి ఇంట్లో పర్సు కుట్టుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఆ కార్డు గురించే.

చీరకు జేబుండదు. ఆ లోటును మన అమ్మమ్మలు కొంగుముడితోనూ, బొడ్లో దోపుకునే చంచితోనూ తీర్చుకున్నారు. కర్ణాటక, మహారాష్ట్ర రెండూ దగ్గరే ఉన్న ఈ ప్రాంతంలో చంచి ఎవరికీ కొత్త కాదు. ఒక అరలో ఆకులు, ఒక అరలో వక్కలు, ఇంకో అరలో సున్నపు డబ్బి. అన్నిటికంటే లోపలి అరలో నాలుగు మడతలు పెట్టిన నోట్లు. ఇంటాయన కూడా అడక్కుండా చేయిపెట్టని చోటు అదొక్కటే. యూరప్ ఆడవాళ్లదీ ఇదే అవస్థ. నాడాతో నడుముకు కట్టుకునే జేబులను గౌను కింద దాచుకునేవాళ్లు. 18వ శతాబ్దం చివర్లో గౌన్లు సన్నబడి ఆ జేబులకు చోటు లేకపోయేసరికి చేతిసంచులు వచ్చాయి.

చంచి కుట్టే చేతులు తగ్గాయి గానీ గుడ్డకు కొదవలేదు. పెళ్లికి, వ్రతానికి, పేరంటానికి బొట్టుపెట్టి ఇచ్చిన రైకగుడ్డలు ఏ బీరువాలో చూసినా కట్టలుగా ఉంటాయి. జాకెట్టుకు పనికిరావు, పారేయబుద్ధి కాదు, ఇంకొకరికి పెడితే ఊరంతా తిరిగి మళ్లీ మనింటికే వస్తాయి. 80 సెంటీమీటర్ల ముక్కలో ఒకటి కాదు, మూడు నాలుగు పర్సులకు సరిపడా గుడ్డ ఉంటుంది. పలచగా ఉంటే లోపల కాన్వాస్ అంటిస్తే సరి.

కొలత నోటును బట్టి, ఫోనును బట్టి. 500 నోటు పొడవు 15 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఆరించులు. ఫోను అంతకంటే కొంచెం పొడుగు. అందుకని కుట్టాక ఏడున్నర ఇంచుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు వచ్చేలా చూసుకోవాలి. కుట్లకు అన్ని వైపులా అర ఇంచు వదిలి ఎనిమిదిన్నరకు అయిదున్నర చొప్పున పైగుడ్డ రెండు ముక్కలు, అస్తరు రెండు ముక్కలు కత్తిరించాలి. కార్డు అరను ముందే అస్తరు ముక్కకు కుట్టేయాలి. మూడు ముప్పావు వెడల్పు, రెండించుల లోతు చాలు. కార్డు అంచు కాస్త పైకి కనిపిస్తేనే వేలికి దొరుకుతుంది.

జిప్పు దగ్గరే చాలామంది జంకుతారు. పైగుడ్డ సీదా వైపుకు జిప్పు ముఖం ఆనించాలి, దాని మీద అస్తరు సీదాను బోర్లించాలి, మూడూ కలిపి ఒకే కుట్టు. రెండో వైపూ అంతే. గుడ్డలు విడదీసి అంచున పైనుంచి ఇంకో కుట్టు వేస్తే అస్తరు జిప్పు పళ్లలో ఇరుక్కోదు. తర్వాత పైగుడ్డలు ఒక పక్కకు, అస్తర్లు ఇంకో పక్కకు జతపెట్టి చుట్టూ కుట్టాలి. అస్తరు అడుగున మాత్రం మూడించులు వదిలేయాలి. ఈ కుట్టు మొదలుపెట్టేముందు జిప్పు సగం తెరిచి ఉందా లేదా చూసుకోండి. మూసి ఉంటే పర్సు ఉల్టాగానే ఉండిపోతుంది, విప్పదీయడం తప్ప దారి లేదు. మూలల్లో గుడ్డను కుట్టు దాకా పోకుండా కోసి, వదిలిన సందులోంచి పర్సును సీదాకు తిప్పి, ఆ సందును చేత్తో కుట్టేస్తే అయిపోయినట్టే.

పువ్వో, అద్దమో కావాలంటే కంగ్టి, నాగల్‌గిద్ద వైపు తండాల్లో పెద్దమ్మల దుస్తులు చూస్తే చాలు. లంబాడీ కుట్టులో అద్దానికి రంధ్రం ఉండదు. ముందు నిలువుగా, అడ్డంగా దారాలు బిగించి అద్దం మీద పంజరం కడతారు. ఆ దారాలను పట్టుకునే చుట్టూ కుట్టు తిప్పుతారు. గవ్వలు, పాత నాణేలు దానికి తోడు. 2023 జులైలో హంపీలో జీ-20 సమావేశాలప్పుడు కర్ణాటకలోని సండూరు లంబాడీ మహిళలు 1,755 కుట్టు వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. అంత పని తెలిసిన చేతులు ఇక్కడినుంచి చెరకు నరకడానికి వలసపోతుంటే ఆ కుట్టు ముందుతరానికి ఎవరు నేర్పాలి? అద్దం పని చేయదలిస్తే అస్తరు వేయకముందే చేయండి. ముడులన్నీ లోపలే దాగిపోతాయి.

ఇక కూలి సంగతి. చుట్టాలకు కుట్టిపెడితే డబ్బులు అడగడానికి మొహమాటం. బజార్లో దొరికే రెక్జిన్ పర్సు ధర చెప్పి బేరమాడేవాళ్లకూ కొదవలేదు. కొన్నాళ్లకే పొరలు ఊడే ఆ పర్సును ఉతకలేం, ఈ గుడ్డ పర్సును ఎన్నిసార్లైనా ఉతకొచ్చు. 2024లో మహిళా సంఘాలు కుట్టే బడి యూనిఫారాల కూలిని ప్రభుత్వం 50 నుంచి 75 రూపాయలకు పెంచింది, అదీ తక్కువేనన్న మాట ఉంది. జిప్పు, అస్తరు, కార్డు అర ఉన్న పర్సు అంతకంటే తేలిక పనేమీ కాదు. రైకగుడ్డ మీరే తెచ్చుకోండి, జిప్పు ఖర్చు, కూలి మాత్రం ఇవ్వండి అని వదినతోనైనా ముందే చెప్పేయొచ్చు.