గడ్డి చిన్నదవదు

రిమోట్ కంట్రోల్ కారుకు మొదటి టైర్లు అరిగిపోయాక చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. తిప్పేది గడ్డి మీద గనక, దుకాణంలో ఉన్నవాటిలో అన్నింటికంటే పెద్ద పళ్లున్న టైరు ఏరుకుంటారు. జీపులకీ ట్రాక్టర్లకీ ఉండేవి అవే కదా అని వాళ్ల లెక్క. ఆ లెక్క కొలతల దగ్గరే తప్పుతుంది. కారును అన్ని వైపులా పదో వంతుకు కుదిస్తే బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది, టైరు నేలను తాకే వైశాల్యం నూరో వంతుకే తగ్గుతుంది. అంటే నేల మీద పడే ఒత్తిడి పదో వంతే మిగులుతుంది. గడ్డి మాత్రం కుదించుకుపోదు. ఈ సైజు బగ్గీకి, అంటే ఎగుడుదిగుడు నేల మీద తిప్పే రకం కారుకు, వెనక చక్రం అడ్డకొలత సుమారు 85 మిల్లీమీటర్లు, కాబట్టి నాలుగు సెంటీమీటర్ల పచ్చిక దాని ఇరుసు దాకా వస్తుంది. మనం కూర్చోవడానికి చూసుకునే పచ్చిక ఆ బండికి నడుమెత్తు చేను.

ఈ బొమ్మ బండ్ల టైర్లు నిజానికి గడ్డి కోసం పుట్టలేదు. జపాన్ కంపెనీ తమియా 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే బగ్గీలు తెచ్చినప్పుడు కళ్ల ముందున్నది అమెరికా ఇసుక, ఎడారి పందేలు. 1984లో అదే కంపెనీ గ్రాస్‌హాపర్, అంటే మిడత, అని ఇంకో బండికి పేరు పెట్టింది, కానీ పేరులో గడ్డి ఉన్నంత మాత్రాన టైరుకు గడ్డి అర్థం కాదు. ఆ పాఠం బ్రిటన్‌లో బాగా ఒంటబట్టింది. అక్కడ వాన ఎక్కువ, పందేలు చాలావరకు పచ్చిక మైదానాల్లోనే జరిగేవి. బాల్ డిఫరెన్షియల్‌తో (మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరికతో) పేరు తెచ్చుకున్న ఇంజనీరు సెసిల్ షూమాకర్ కంపెనీ ఆ దేశానిదే. ఆ కంపెనీ క్యాట్ బండితోనే జపాన్ కుర్రాడు మసామి హిరోసాకా 1987లో ఇంగ్లండులోని రోమ్సీలో నాలుగు చక్రాల డ్రైవ్ ప్రపంచ పోటీ గెలిచాడు. గడ్డి పందేల్లో స్థిరపడ్డ షూమాకర్ టైరు పేరు ‘మినీ పిన్’. దాని ఒంటి నిండా పొట్టి, సన్నటి రబ్బరు ముళ్లు ఒత్తుగా ఉంటాయి. అందులోనూ ‘ఎల్లో’ అని పిలిచే బాగా మెత్తటి రబ్బరుకే గిరాకీ. పెద్ద పళ్ల టైర్లు దొరక్క బ్రిటన్ పందెగాళ్లు ఈ టైరుకు చేరలేదు.

కారణం గడ్డి ఆకులోనే ఉంది. ఆకు మీద మైనంలాంటి పూత ఉంటుంది, ఉదయంపూట దానిమీద మంచు కూడా చేరుతుంది. తెల్లవారుజామున పొలం గట్టు మీద చెప్పులు ఎందుకు జారతాయో అందరికీ తెలిసిందే. వెడల్పాటి పన్ను ఆ ఆకుల మీద వాలి, వాటిని పడుకోబెట్టి, ఆ నున్నటి పరుపు మీదే జారుతుంది. లోపలికి దిగడానికి కిలోన్నర బండి బరువు చాలదు. సన్నటి ముల్లుకైతే ఆకుల్ని నలపాల్సిన పని లేదు, వాటి సందుల్లోంచి దూరి కాడలూ వేళ్లూ అల్లుకున్న జల్లెడను అందుకుంటుంది. చక్రం తిరిగినప్పుడు ముల్లు కొద్దిగా వంగి, దాని పక్క అంచు ఆ అల్లికకు ఆనుతుంది. పట్టు వచ్చేది అక్కడ. గరిక మీద ఇది మరీ బాగా పనిచేయాలి, ఎందుకంటే గరిక నేల మీద తీగలు పరుచుకుని గట్టి చాపలా అల్లుకుంటుంది. (అదే తీగలు ఇరుసులకు చుట్టుకుని మోటారును బిగిస్తాయి కూడా. గడ్డిలో తిప్పాక చక్రాలు ఊడదీసి చూడటం మంచిది.)

మరి ట్రాక్టరు సంగతేమిటని అడగవచ్చు. దానికి పళ్లు పెద్దవే, దమ్ము చేసేటప్పుడు కేజీవీల్స్ కూడా తగిలిస్తారు. అయితే ఒక ట్రాక్టరు టన్నుల బరువుతో ఆ పళ్లను మట్టిలోకి దించగలదు, కేజీవీల్స్ తిరిగేది గట్టి ఉపరితలమే లేని బురదలో. పైగా ట్రాక్టరు చరిత్ర కూడా మెత్తదనం వైపే సాక్ష్యం చెబుతుంది. ఇనప చక్రాలకు ఇనప పళ్లు బిగించి దున్నుతున్న కాలంలో, 1932లో, అలిస్-చామర్స్ కంపెనీ ఫైర్‌స్టోన్ గాలి టైర్లతో మోడల్ యూ ట్రాక్టరును దించింది. రబ్బరు పొలంలో నిలబడుతుందని రైతులు నమ్మలేదు. నమ్మించడానికి ట్రాక్టర్లకు పందేలే పెట్టాల్సి వచ్చింది, వాటిలో పేరున్న కార్ల రేసరు బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ కూడా ట్రాక్టరు తోలాడు. చివరికి రైతును ఒప్పించింది వేగం కాదు, ఇంధనం ఆదా: మెత్తటి టైరు నేలను తవ్వుకుంటూ పోవడంలో తక్కువ శక్తి వృథా చేసింది. ఒక మాట ఒప్పుకోవాలి. మోకాలెత్తు కలుపులోనో, వానకు నానిన మెత్తటి నేలలోనో దూరంగా నాటిన పొడుగు ముళ్ల టైరే మెరుగు, ఒత్తు ముళ్ల మధ్య మట్టి ఇరుక్కుని టైరు నున్నగా అయిపోతుంది. అయితే మోకాలెత్తు గడ్డికి మార్చాల్సింది టైరు కాదు, బండి.

టైరు లోపలిది బయటిదానికంటే తక్కువేం కాదు. ఈ టైర్లలో గాలి కొట్టరు. లోపల ఫోమ్ ఉంటుంది, రిమ్‌కో టైరుకో చిన్న చిల్లులు ఉంటాయి. ఫోమ్ గట్టిగా ఉంటే టైరు కాస్తే నేలను తాకుతుంది, మెత్తగా ఉంటే ఎక్కువ ముళ్లు ఒకేసారి పనిలో పడతాయి. తడి గడ్డిలో ఆ చిల్లుల్లోంచి నీళ్లు చేరి ఫోమ్ బరువెక్కితే చక్రం ఊగుతుంది. పెద్ద టైరు వేసేవాళ్లు మరచిపోయే ఇంకో లెక్క గేరుది. 85 మిల్లీమీటర్ల చోట 100 మిల్లీమీటర్ల చక్రం పెడితే మోటారు ఒక్క చుట్టుకు బండి దాదాపు 18 శాతం ఎక్కువ దూరం పోవాలి. గడ్డి ఎలాగూ బండిని వెనక్కి లాగుతూనే ఉంటుంది, దానికి ఇది తోడైతే మోటారు కాగిపోతుంది. మోటారుకున్న ఇరవై పళ్ల పినియన్ గేరు తీసి పదిహేడు పళ్లది వేస్తేనే పాత లెక్క కుదురుతుంది.

మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుందని, డబ్బు దండగని అనేవాళ్లున్నారు. సిమెంటు మీదైతే ఆ మాట అక్షరాలా నిజం, అక్కడ ఆ ముళ్లు రబ్బరుతో తుడిచిన పెన్సిల్ గీతల్లా చెరిగిపోతాయి. గడ్డి అంత గరుకు కాదు. అక్కడ ముల్లు పొట్టి కావడానికి చాలాముందే దాని ముందు అంచు గుండ్రమై పట్టు తగ్గుతుంది. వెనక అంచు అప్పటికి కొత్తగానే ఉంటుంది. బాణం గుర్తు లేని టైరైతే ఎడమ చక్రాన్ని కుడికీ, కుడిదాన్ని ఎడమకీ మార్చి బిగిస్తే చాలు, ఆ అంచు ముందుకొస్తుంది.