మీకు తెలుసా? గిటార్ వంపు, వీణ మెట్టు

గిటార్ మెడ మీది పలకను, అదే ఫ్రెట్‌బోర్డును, చూస్తే చదునుగానే ఉన్నట్టుంటుంది. ఎలక్ట్రిక్ గిటార్ దొరికితే తీగల కింద ఒక స్టీలు స్కేలు అడ్డంగా ఆనించి చూడండి. నడుమ ఉబ్బు, అంచులు పల్లం. ఆ వంపును వృత్తంగా పూర్తిచేస్తే వచ్చే వ్యాసార్ధాన్ని అంగుళాల్లో చెబుతారు. 1950ల నాటి ఫెండర్లకు 7.25 అంగుళాలు, ఇప్పటి ఫెండర్లలో చాలావాటికి 9.5, గిబ్సన్లకు సాధారణంగా 12. అంకె పెరిగేకొద్దీ పలక చదునవుతుంది. క్లాసికల్ గిటార్‌కైతే మామూలుగా వంపే ఉండదు.

చూపుడువేలిని ఆరు తీగల మీదా పడుకోబెట్టి బార్ కార్డు పట్టినప్పుడు వేలు తనంతట తానే కాస్త ఒంగుతుంది. పలకా అలాగే ఒంగి ఉంటే చేతికి హాయి. పాటకు తోడుగా కార్డులు వాయించేవాళ్లకు వంపు వరమే. తంటా అంతా తీగ లాగేవాళ్లకే.

ఎలాగో చిన్న లెక్క చూద్దాం. పదిహేనో ఫ్రెట్ (పలక మీద అడ్డంగా బిగించే లోహపు మెట్టు) దగ్గర మొదటి తీగ పలక నడిమి గీతకు 22 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకోండి. స్వరం పెంచడానికి దాన్ని 10 మిల్లీమీటర్లు లోపలికి నెట్టాం. 7.25 అంగుళాల వంపు మీద తీగ ఎక్కిన గట్టు ఇంచుమించు 0.9 మిల్లీమీటర్లు. 12 అంగుళాల వంపైతే 0.56, 16 అంగుళాలదైతే 0.42. వేలి దగ్గర తీగ గట్టెక్కింది సరే, బ్రిడ్జి దగ్గరి కొస మాత్రం అంచునే, పల్లంలోనే ఉండిపోయింది. బిగిసిన తీగ ఆ రెంటి మధ్య తిన్నగా, ఏటవాలుగా దిగాలి. దారిలో పలక ఉబ్బు అడ్డొస్తుంది. ముందున్న ఫ్రెట్లలో ఏదో ఒకటి తగిలి నాదం టక్కున ఆగిపోతుంది. తీగలు బాగా కిందికి దించుకుని వాయించేవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. అందుకే కొందరు తయారీదారులు పలకను మెడ మొదట్లో 10 అంగుళాలు, చివర 16 అంగుళాలు ఉండేలా చెక్కుతారు. కార్డులు పట్టేచోట వంపు, తీగ లాగేచోట చదును.

తప్పు ప్రతిసారీ వంపుదే కాదు. ఒక్క ఫ్రెట్ వెంట్రుకవాసి పైకి లేచినా ఇదే జబ్బు. రిపేరుకని బెంగళూరు బస్సెక్కే ముందు, అంచు తిన్నగా ఉన్న చిన్న ఉక్కు ముక్కను వరసగా మూడు ఫ్రెట్ల మీద ఆనించి అటూ ఇటూ నొక్కండి. టకటకమని ఊగితే నడిమిదే దోషి. దాన్ని ఆకురాయితో సమం చేస్తారు. అరగదీసిన ఫ్రెట్ నెత్తి బల్లపరుపుగా తయారవుతుంది కాబట్టి మళ్లీ గుండ్రంగా తీర్చాలి. లేకపోతే తీగ ఫ్రెట్ నడినెత్తిన కాకుండా అంచున ఆని శ్రుతి తేడా కొడుతుంది. అన్నట్టు, ఎక్కువ ఫ్రెట్లకు వాడే లోహం పేరు నికెల్ సిల్వర్. అందులో వెండి వీసమెత్తు ఉండదు. రాగి, నికెల్, జింక్, అంతే!

మరి లాగడమే ప్రాణంగా ఉన్న వాద్యం మాటేమిటి? వీణకు 24 మెట్లు. ఒక్కోటీ అడ్డంగా తిన్నగా ఉండే లోహపు కడ్డీ. తీగను ఎంత పక్కకు జరిపినా ఎక్కాల్సిన గట్టు లేదు. తీగ స్వరాన్ని రెండు ఫ్రెట్ల ఎత్తు పెంచాలంటేనే బిగువు 26 శాతం పెరగాలి. వైణికులు ఒకే మెట్టు మీద అంతకంటే చాలా ఎక్కువే లాగుతారు. పైగా మెట్లు కూర్చునేది దండి చెక్క మీద కాదు, తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కట్టిన గట్ల మీద. వేలు చెక్కను తాకనే తాకదు. మెట్టు శ్రుతి తప్పితే మైనాన్ని కాస్త వెచ్చబెట్టి, చెవితో స్వరం వింటూ మెట్టును జరిపి నిలబెడతారు. శ్రుతి దిద్దడానికి ఆకురాయితో పని లేదు. మన సీమ ఎండలో వీణను కారులో వదిలేస్తే మాత్రం ఆ మైనం ఎవరి మాటా వినదు.

మన కదిరివాళ్లకు ఈ కథలో సొంత పేజీ ఉంది. మన జిల్లాలోనే, హిందూపురం పక్కనున్న లేపాక్షి వీరభద్రాలయం విజయనగర రాజు అచ్యుతరాయల (1529-42) కాలపు కట్టడం. అక్కడి నాట్యమండపం స్తంభాల మీద తుంబురుడు వీణ వాయిస్తుంటాడు. మెట్ల సంగతికి మాత్రం శిల్పం కాదు, గ్రంథం చూడాలి. అళియ రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో ముగించిన 'స్వరమేళకళానిధి' వీణ రకాలను చెబుతుంది. వాటిలో ఒకదానికి అచ్యుతరాయల పేరే ఉంది. ఏ తీగ మీద ఏ మెట్టుకు ఏ స్వరం పలకాలో రామామాత్యుడు వివరంగా రాశాడు. ఇప్పటి 24 మెట్ల రూపాన్ని తంజావూరు రఘునాథ నాయకుడి కాలానికి ముడిపెడతారు. ఆ నాయకుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు కూడా.

గిటారే వీణ దగ్గరికి వచ్చిన సందర్భం కూడా ఉంది. ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలో వీణ నేర్చుకున్నాడు. 1970ల్లో 'శక్తి' బృందం కోసం ఫ్రెట్ల మధ్య చెక్కను దొన్నెలా తొలిపించిన గిటార్ చేయించుకున్నాడు. వేలి కింద చెక్క ఉండదు, తీగ మీద పట్టు చిక్కుతుంది. మరీ గట్టిగా నొక్కితే స్వరం పెరిగిపోతుందనే చిక్కూ దానితోపాటే వచ్చింది.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు యు.శ్రీనివాస్‌కు ఎదురైన చిక్కు వేరు. మాండలిన్‌కు మామూలుగా ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా. జంటను లాగితే రెండూ ఒకే కొలతలో సాగాలి, లేదా అపస్వరమే. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని జంటల బదులు ఒంటి తీగలు పెట్టుకున్నాడు, తర్వాత అయిదో తీగ చేర్చాడు. ఆ వాద్యంతోనే 'శక్తి' మలి రూపమైన 'రిమెంబర్ శక్తి' కచేరీల్లో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు.