బండి దగ్గరికి వచ్చే అప్పు

పొద్దున 900 ఇస్తారు, సాయంత్రం 1,000 తీసుకుంటారు. మా వరంగల్‌లో దీన్ని గిరిగిరి అంటారు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. మా పెద్దమ్మ కూరగాయల బండి ఏళ్ల తరబడి దీని మీదే నడిచింది.

నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఇది రోజుకు నూటికి 11 రూపాయల పైన వడ్డీ అని బోర్డు మీద లెక్క వేస్తే, "అంత వడ్డీకి ఎవరైనా తెచ్చుకుంటరా మేడం?" అని పిల్లలు అడుగుతారు. తెచ్చుకుంటారు, తెలిసే తెచ్చుకుంటారు. 900 పెట్టి ఎత్తిన టమాటా, వంకాయ, పచ్చిమిర్చి పొద్దుగూకేసరికి 1,400కు అమ్ముడుపోతే, అసలూ వడ్డీ కట్టేశాక పెద్దమ్మ కొంగున 400 మిగులుతాయి. ఆ 900 పుట్టకపోతే ఆ రోజు బండే లేదు. "బ్యాంకు పదింటికి తెరుస్తరు బిడ్డా, నాకు నాలుగింటికే మాల్ ఎత్తాలె" అంటుంది. నెల తిరగ్గానే జీతం పడే నాలాంటి వాళ్లు ఆమెను తెలివితక్కువదని అనడం అన్యాయం.

అయితే ఏడాదిలో 300 రోజులు బండి కడితే వడ్డీ 30,000 అవుతుంది. తిప్పిన అసలు మాత్రం ఆ 900 రూపాయలే. ఏడాది గడిచినా అవి ఆమెవి కావు. నాకు కడుపు మండేది ఇక్కడే.

రోజుకు 10 రూపాయలు పక్కన పెట్టి, మర్నాడు అంత మేరకు అప్పు తగ్గించుకుని, మిగిలిన వడ్డీని కూడా అందులోనే కలుపుతూ పోతే 23 రోజుల్లో 900 సొంతమవుతాయి. వడ్డీ మనవైపు తిరిగితే అంత వేగంగా పని చేస్తుంది. కానీ ఆ 23 రోజుల్లో వాన పడకూడదు, టమాటా ధర కూలకూడదు, మనవడికి జ్వరం రాకూడదు.

ఆర్థికవేత్తలు డీన్ కార్లాన్, సెంథిల్ ముల్లైనాథన్ మరొకరితో కలిసి చెన్నైలో, ఫిలిప్పీన్స్‌లో ఇలాంటి చిరువ్యాపారుల అప్పులు తామే తీర్చి చూశారు. ఆరు వారాలు తిరక్కుండానే చాలామంది మళ్లీ అప్పులోకి వెళ్లారు. వాళ్లకు పొదుపు చేతకాదని కొందరు దీనికి అర్థం తీస్తారు. నేను ఒప్పుకోను. ఏ రోజుకా రోజు తెచ్చుకుని తినే ఇంట్లో కష్టం ముందుగా చెప్పి రాదు, వచ్చినప్పుడు చేతిలో ఉన్నది ఆ పెట్టుబడే.

ఇప్పుడు గిరిగిరి ఫోన్లోకీ వచ్చింది. వారం గడువు లోన్ యాప్‌లు, కట్టలేని వాళ్ల ఫోన్లలోని నంబర్లన్నిటికీ పరువు తీసే సందేశాలు. 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. అప్పిచ్చే యాప్ మన ఫోన్లో నంబర్ల జాబితా జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. బండి దగ్గర వసూలుకు నిలబడే మనిషికి ఇలాంటి నిబంధనలేవీ తగలవు.

వీధి వ్యాపారుల కోసం 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి మంచి పథకం. 2025 దాకా మొదట 10,000, తీరిస్తే 20,000, ఆ తర్వాత 50,000 ఇచ్చేవారు, వడ్డీలో 7 శాతం రాయితీతో. పెద్దమ్మకూ 10,000 వచ్చాయి. కొన్నాళ్లు సొంత డబ్బుతోనే మాల్ ఎత్తింది. పెదనాన్నను ఆస్పత్రిలో చేర్చిన వారం పెట్టుబడి అటే పోయింది, మళ్లీ గిరిగిరి మనిషినే పిలిచింది. పిలవగానే వచ్చేది అతనొక్కడే.

అతను రోజూ వస్తాడు, మనిషిని చూసి ఇస్తాడు, చిన్న మొత్తమని చులకన చేయడు. ఈ పని బ్యాంకులకు చేతకానిదేమీ కాదు. తర్వాత సిండికేట్ బ్యాంకుగా పేరు మారిన ఉడుపిలోని బ్యాంకు 1928లో పిగ్మీ డిపాజిట్ మొదలుపెట్టినప్పుడు ఏజెంట్లు ఇల్లిల్లూ తిరిగి రోజుకు రెండణాలు కూడా జమ చేసుకున్నారు. ఈనాడు ఊళ్లలో బ్యాంకు మిత్రలు చిన్న యంత్రంతో డబ్బు కట్టించుకుంటున్నారు, ఇస్తున్నారు. వాళ్లలో ఒకరిని తెల్లవారుజామున నాలుగింటికి కూరగాయల మార్కెట్లో కూర్చోబెట్టాలి. పెద్దమ్మ దగ్గర రోజూ పది రూపాయలు తీసుకునే పనితో పాటు, ఇంట్లో జ్వరం వచ్చిన రోజు ఆ ఖాతా మీద వెయ్యి రూపాయలు అక్కడికక్కడే ఇచ్చే అధికారమూ ఆ బ్యాంకు మిత్రకు ఉండాలి.