తెరమీద కారు పందెం: కంప్యూటరు కొనేముందు లెక్క చూసుకోవాలి

ఉయ్యూరు: చెరకు ట్రాక్టర్లను, బందరు రోడ్డుమీద దూసుకుపోయే బస్సులను చూస్తూ పెరిగిన ఈ ప్రాంతపు కుర్రాళ్లకు స్టీరింగు మోజు కొత్తది కాదు. ఇప్పుడు ఆ మోజు కంప్యూటరు తెరమీదికి ఎక్కింది. బల్లకు బిగించిన స్టీరింగు, కాలికింద పెడళ్లు, ఎదుట తెర ఉంటే చాలు, ఇంట్లో కూర్చునే జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ దారిలో కారు తోలవచ్చు. వీటినే రేసింగ్ సిమ్యులేటర్లు అంటున్నారు. అయితే ఇందుకు కావలసిన మొదటి కంప్యూటరు కొనడం మధ్యతరగతి కుటుంబానికి చిన్న ఖర్చు కాదు. రైతు ఇంట్లో అది ఒక పంట మీద మిగిలిన డబ్బు. తొందరపడి కొంటే ఆ డబ్బంతా ఒక మూల పెట్టెలో పడి ఉంటుంది.

పందెం అంటే జూదమేనా?

పందెం అనే మాటకు మన జిల్లాలో రెండు అర్థాలు ఉన్నాయి. సంక్రాంతికి ఎడ్లు బండ లాగేదీ పందెమే, కోళ్లమీద డబ్బు కాసేదీ పందెమే. అందుచేత కొడుకు కంప్యూటరులో పందెం ఆడతానంటే తండ్రి గుండె జారడం సహజం. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి డబ్బు ఆటలను రాష్ట్ర ప్రభుత్వం 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు కాసే ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, నైపుణ్యంతో ఆడే ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. సిమ్యులేటరులో డబ్బు కాయడం ఉండదు. ఆట కొనుక్కోవాలి, లేదా చందా కట్టాలి. గెలిచినా ఓడినా మిగిలేది సెకన్ల లెక్క మాత్రమే. అయినప్పటికీ ఆటలో కొత్త కార్లు, కొత్త దారులు విడిగా అమ్ముతారు. కనుక బ్యాంకు కార్డు నంబరు పిల్లల చేతికి ఇవ్వకుండా ఉండడమే మేలు.

ఈ ఆటను నిజమైన డ్రైవర్లు కూడా చిన్నచూపు చూడడం లేదు. కరోనా కారణంగా 2020 మార్చిలో ఫార్ములా వన్ పందేలు ఆగిపోయినప్పుడు కొందరు డ్రైవర్లు ఇళ్లలో సిమ్యులేటర్ల ముందు కూర్చుని పోటీ పడ్డారు. అదే ఏడాది జూన్‌లో లీ మాన్స్ 24 గంటల పందెం కూడా తెరమీద జరిగింది. బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో ఆటలో పోటీ పడి 2011లో జీటీ అకాడమీ నెగ్గి, 2013లో అసలు లీ మాన్స్ పందెంలోనే కారు నడిపారు. ఆయన కథ 2023లో సినిమాగా వచ్చింది. తెలుగు నేలమీద 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. అసలు ట్రాకుమీద శిక్షణ కావాలంటే చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోటై వంటి చోటికి పోవాలి. ఆ ఖర్చు అందరికీ అందేది కాదు. బందరు రోడ్డుమీద మోటారు సైకిళ్లతో పందెం వేసి ప్రాణం మీదికి తెచ్చుకోవడం కంటే తెరమీద గోడను గుద్దడం నయమని ఎవరైనా ఒప్పుకుంటారు.

ముందు ఆట, తరువాత పెట్టె

చాలామంది చేసే పొరపాటు ముందు కంప్యూటరు కొని, తరువాత ఏ ఆట ఆడాలా అని చూడడం. ఆటను బట్టి యంత్రం ఉండాలి. 2012లో వచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, 2014 నాటి అసెట్టో కోర్సా తేలికైనవి. సాధారణ గ్రాఫిక్స్ కార్డుతో సాఫీగా నడుస్తాయి. ట్రక్ ఆటలో బ్రిటన్ రోడ్లు కూడా ఉన్నందున మనలాగే ఎడమవైపు నడపవచ్చు. కొత్తవారికి అది మంచి బడి. 2019లో వచ్చిన అసెట్టో కోర్సా కాంపిటీజియోనె బరువైన ఆట. వానలో, రాత్రిపూట, ఇరవై ముప్పై కార్ల మధ్య నడపాలంటే గట్టి యంత్రం కావాలి. ఐ రేసింగ్ అనేది చందాతో నడిచేది. ఏటా ఆ చందా భారం మోయగలమా అన్నది ముందే ఆలోచించాలి.

సాధారణ తెరకు, అంటే 1080 రకానికి, ఆరు కోర్ల ప్రాసెసరు సరిపోతుంది. రైజెన్ 5 5600, కోర్ ఐ5 12400ఎఫ్ ఈ కోవకు చెందినవి. పేరు చివర ఎఫ్ ఉన్నదానిలో బొమ్మ చూపే భాగం ఉండదు కనుక విడిగా గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. కార్డులలో ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టిఎక్స్ 3060, 4060 స్థాయివి మొదటిసారి కొనేవారికి చాలు. కార్డు పని బొమ్మ గీయడం. టైరు జారడం, బ్రేకు వేడెక్కడం, పక్క కార్ల నడక వంటి లెక్కలన్నీ ప్రాసెసరు మోస్తుంది. ఒకటి పెద్దదై రెండవది చిన్నదైతే, చెరకు అందని గానుగ ఖాళీగా తిరిగినట్లే ఉంటుంది. మెమరీ 16 జి.బి. ఉండాలి. ఒకే ముక్కగా కాక 8 చొప్పున రెండు ముక్కలుగా తీసుకుంటే వేగం పెరుగుతుంది. ఆటలు పెట్టుకునేందుకు 1 టి.బి. ఎస్.ఎస్.డి. కావాలి. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. పాత ధరల పట్టీ నమ్ముకుని దుకాణానికి పోతే లెక్క తప్పుతుంది.

రూపాయిని పంచుకునే తీరు

మొత్తం ఖర్చును ఒక రూపాయిగా తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డుకు 25 పైసలు, స్టీరింగు పెడళ్లకు 20, ప్రాసెసరు మదర్‌బోర్డులకు 18, తెరకు 12, మెమరీ, ఎస్.ఎస్.డి., ఎస్.ఎం.పి.ఎస్., పెట్టె, యు.పి.ఎస్. అన్నిటికీ కలిపి 25 పైసలు కేటాయించడం ఒక సమంజసమైన పద్ధతి. అంతా కార్డుకే పోసి స్టీరింగు లేకుండా మీటలతో ఆడితే కొన్న ప్రయోజనం నెరవేరదు. కార్డు కొన్నేళ్లకే పాతబడుతుంది. మంచి స్టీరింగు మరో కంప్యూటరుకు కూడా పనికొస్తుంది. లాజిటెక్ జి29 వంటివి లోపలి మోటారుతో రోడ్డు కుదుపును చేతికి తెలియజేస్తాయి. కారు జారబోతున్నదని కంటికంటే ముందు చేతికే తెలుస్తుంది.

పాత కార్డు చౌకగా వస్తుందని ఆశపడేవారు జాగ్రత్త వహించాలి. క్రిప్టో నాణేల తవ్వకంలో రాత్రింబవళ్లు కాలిన కార్డులు 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మారిన తరువాత పాత సామాను బజారులోకి వచ్చాయి. అరగంటపాటు బరువైన ఆట నడిపి చూపించనిదే డబ్బు చెల్లించరాదు. కొత్తదైనా జి.ఎస్.టి. బిల్లు, సీరియల్ నంబరు లేనిదే తీసుకోకూడదు. వారంటీ అడిగే రోజున ఆదుకునేది ఆ కాగితమే.

కరెంటే అసలు పరీక్ష

డెల్టాలో కంప్యూటరుకు ప్రధాన శత్రువులు ఎగుడుదిగుడు కరెంటు, తేమ. బందరు, దివిసీమ వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్, 2025 అక్టోబరులో మొంథా తుపానుల సమయంలో జిల్లాలో కరెంటు సరఫరా దెబ్బతిన్నది. పిడుగుల వాన వచ్చినప్పుడు స్విచ్చి ఆపడంతో సరిపెట్టక ప్లగ్గు, ఇంటర్నెట్ వైరు రెండూ ఊడదీయాలి. గోడలోని మూడో రంధ్రానికి ఎర్త్ ఉన్నదా లేదా అన్నది ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. పెట్టె ముట్టుకుంటే జిల్లుమంటే ఎర్త్ లేదని అనుమానించాలి.

ఎస్.ఎం.పి.ఎస్. విషయంలో పేరులేని సరుకు పనికిరాదు. అది పోతూ పోతూ మిగతావాటినీ తీసుకుపోగలదు. పైన చెప్పిన సామానుకు మంచి కంపెనీ 550 వాట్లది చాలు. 600 వి.ఎ. యు.పి.ఎస్. సుమారు 360 వాట్లే మోస్తుంది కనుక ఆట మధ్యలో చేతులెత్తేసే ప్రమాదం ఉన్నది. 1000 వి.ఎ.కు తగ్గకుండా చూసుకోవాలి. ఇక బిల్లు సంగతి. యంత్రం, తెర కలిపి 350 వాట్లు అనుకుంటే రోజుకు రెండు గంటల ఆటకు నెలకు 21 యూనిట్లు అవుతాయి.

బిగించుకునేవారికి

విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే బిగించుకోవడం ఓపిక ఉన్నవారికి ఒక పూట పని. పని మొదలుపెట్టే ముందు ఎర్త్ ఉన్న ఇనుప వస్తువును తాకాలి. ప్రాసెసరు మూలనున్న త్రికోణపు గుర్తును సాకెట్టు గుర్తుతో కలపాలి. బలం ఉపయోగించరాదు. నాలుగు మెమరీ గాడులు ఉన్న బోర్డులో సాధారణంగా రెండవది, నాలుగవది వాడాలి. తెర వైరును మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. ఇది మరిచి, కొత్త కార్డు పనిచేయడం లేదని దుకాణానికి పరుగెత్తడం తరచు జరిగేదే. 144 హెర్ట్జ్ తెర కొన్నవారు విండోస్ సెట్టింగుల్లో ఆ అంకెను ఎంచుకోవాలి. లేకుంటే అది 60 దగ్గరే ఉండిపోవచ్చు. విండోస్ 10కు కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున కొత్త యంత్రంలో 11 వేసుకోవాలి.

స్టీరింగు బిగించే స్టాండును వేల రూపాయలు పోసి తెప్పించనవసరం లేదు. ట్రాలీలు అతికే వెల్డింగు షాపులో చదరపు ఇనుప గొట్టాలతో కొలతకు చేయించుకోవచ్చు. బెజవాడ ఆటోనగర్‌లో పాత కారు సీటు వెతికి దానికి బిగిస్తే బ్రేకు గట్టిగా తొక్కినా కుర్చీ వెనక్కి జరగదు.

ఒక్క మాట మాత్రం తల్లిదండ్రులు, కుర్రాళ్లు ఇద్దరూ గుర్తుంచుకోవాలి. తెరమీద ఎన్ని పందేలు గెలిచినా అది లైసెన్సుకు సాటి రాదు. తెరమీద గుద్దిన కారు మీట నొక్కితే మళ్లీ బాగవుతుంది. బందరు రోడ్డుమీద ఆ మీట ఉండదు.