ఏమీ లేనప్పుడే చేయించాల్సిన పరీక్ష

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... మూడూ ఒకే రైలు దారిలోని ఊళ్లు. మూడింట్లోనూ నాకు చుట్టాలున్నారు. హిందూపురంలో అక్క గార్మెంట్స్‌లో కుడుతుంది. పెనుకొండలో అత్త అంగడి చూసుకుంటుంది. ధర్మవరంలో చిన్నమ్మ పట్టుచీరలు నేస్తుంది. అందరూ ముప్పై దాటినవాళ్లే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే ముగ్గురిదీ ఒకటే మాట: "నాకేమైందని పోవల్ల?"

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. ఈ క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. దాదాపు ప్రతి కేసుకూ మూలం హెచ్‌పీవీ వైరస్. చాలామందిలో ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. కొందరిలో మాత్రం తిష్ఠ వేసి కణాల్ని మెల్లగా మారుస్తుంది. అది క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అంటే, పట్టుకోవడానికి బోలెడు టైముంది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నది 1.9 శాతమే!

ఏం చేస్తారు?

ప్రభుత్వ స్క్రీనింగ్‌లో ఎక్కువగా చేసేది వీఐఏ. ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో ఉండేదే) రాసి, ఒక నిమిషం ఆగి చూస్తారు. కోత లేదు, మత్తు లేదు. తెల్లమచ్చ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. ఇంకో పరీక్ష చేసి, అవసరమైతే ఆ దశలోనే చిన్న చికిత్సతో ఆపేస్తారు. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి ఆరోగ్య కార్యకర్తలతోనే ఈ పరీక్ష చేయించింది. 2013లో వెల్లడైన ఫలితం: ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

ఎవరికి?

30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు, ఐదేళ్లకోసారి. నెలసరి ఆగినవాళ్లకు వీఐఏతో సరిగా తేలదు, పాప్ స్మియర్ లేదా హెచ్‌పీవీ టెస్ట్ మేలు. వ్యాక్సిన్ వేయించుకున్నవాళ్లకూ పరీక్ష తప్పదు.

చిన్నమ్మ మగ్గం దిగితే ఆ పూట సంపాదన పోతుంది. "చూసేది ఆడవాళ్లేనా?" అన్నది అక్క అనుమానం. రెండూ న్యాయమైనవే. కాబట్టి ఫోన్ చేతిలో ఉన్న మనమే ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడుగుదాం. ఎక్కడ, ఏ రోజు, ఎవరు చేస్తారో కనుక్కుని, నెలసరి లేని రోజు చూసి తోడు వెళ్దాం.

ఒక్కటి గుర్తుంచుకోండి. కలయిక తర్వాత గానీ, నెలసరి మధ్యలో గానీ, అది పూర్తిగా ఆగిపోయాక గానీ రక్తం కనిపిస్తే ఏ క్యాంపు కోసమూ ఆగొద్దు. వెంటనే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.