భోగి మంట ఆరాక కూడా కాలు ఎందుకు కాలుతుంది?

భోగి నాడు తెల్లవారుజామున వేసిన మంట పొద్దెక్కేసరికి బూడిదకుప్ప అవుతుంది. మంట లేదు, పొగ లేదు. అయినా దాని మీద కాలు వేయకండి! బూడిద లోపలి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు, గాలిని కొద్దికొద్దిగానే లోపలికి రానిస్తుంది. అందుకే అడుగున నివురుగప్పిన నిప్పులు గంటల తరబడి రగులుతూనే ఉంటాయి. పైన ఇసుక కప్పి వదిలేయడం మరీ ప్రమాదం: నిప్పు కనబడదు, వేడి మాత్రం పోదు.

మరి ఎలా ఆర్పాలి? పెద్దవాళ్లు కాస్త ఎడంగా నిలబడి నీళ్లు మెల్లగా చల్లాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే వేడి ఆవిరి, బూడిద మొహాన కొడతాయి. ‘సుయ్‌’మన్న చోటల్లా పొడవాటి కర్రతో కలియబెట్టి మళ్లీ చల్లాలి. చప్పుడు ఆగి, బూడిదంతా చల్లని బురదయ్యేదాకా ఆపకూడదు. ఆ నీళ్ల బకెట్లు మాత్రం మంట వెలిగించకముందే పక్కన ఉండాలి.